ముడుపు రూపాయి

భయపడటానికి నిరంజన్‌కి పెద్ద కారణం అక్కర్లేదు. కరెంటు బిల్లు నాలుగు రోజులు ముందొచ్చినా, ఫోన్‌లో తెలియని నంబరు మోగినా అరచేతులు చెమర్చేస్తాయి. అలాంటివాడికి నిజంగానే కారణం దొరికితే ఇక చెప్పేదేముంది! ఆ గురువారం పొద్దున్న నరసాపురంలో రైలెక్కింది మొదలు, ఒళ్ళో పెట్టుకున్న రెక్సిన్ సంచి మీంచి అతను చెయ్యి తీయలేదు. టీ తాగుతావా అని తల్లి నాగరత్నం అడిగితే వద్దన్నాడు. టీ తాగాలంటే ఒక చెయ్యి ఖాళీ చేసుకోవాలి, అదీ అతని బాధ.

సంచిలో ఉన్నవి తండ్రి కాశీవిశ్వనాథం గారు దాచిన నాణేలు. మొగల్తూరు బజారులో నలభై ఏళ్ళు కిరాణా కొట్టు నడిపిన మనిషాయన. గల్లాపెట్టెలోకి పాత నాణెం ఏదైనా వస్తే దాన్ని పక్కకి తీసి, అంత డబ్బూ తన జేబులోంచి గల్లాలో వేసి, నాణేన్ని తెల్ల కాగితంలో పొట్లం కట్టేవారు. పొట్లం మీద తేదీ, దాని కింద అది ఎవరి చేతి మీదుగా వచ్చిందో ఆ పేరు. ‘చేపల సూరమ్మ’, ‘ఏసుపాదం మేష్టారు’, ‘కొత్తపేట ముసలాయన’. ఆ పొట్లాలున్న రేకు డబ్బాని ఇంట్లో ఇంకెవరూ ముట్టుకోకూడదు. దులపడానికి కూడా వీల్లేదు. ఇంటికి కావలసింది ఏదడిగినా కాదనని మనిషి ఆ డబ్బా దగ్గర మాత్రం పరాయివాడైపోయేవారు. కిందటి వేసవిలో నిద్రలోనే వెళ్ళిపోయారు.

ఆయన ఉండగా నిరంజన్‌కి ఆ డబ్బా మీద మోజు లేదు. ఇప్పుడు అవసరం పడింది. అతని కూతురు సత్యశ్రీకి ఏడేళ్ళు. రెండేళ్ళుగా కుడిచెవి చీము కారుతోంది. చుక్కలు వేస్తే తగ్గడం, మళ్ళీ రావడం. పోయిన వారం కాకినాడలో డాక్టరు స్కానింగ్ చూసి, లోపల ఎముక తినేస్తోందనీ, ఇంక ఆగితే వినికిడి పోవడమే కాకుండా జబ్బు మెదడు వైపు వెళ్ళొచ్చనీ, సోమవారం ఆపరేషన్ చేసేద్దామనీ అన్నాడు. రెండు లక్షలవుతుంది. తండ్రి తర్వాత తను నడుపుతున్న కొట్టుకి జీఎస్టీ ఉంది కాబట్టి తెల్లకార్డు లేదు, తెల్లకార్డు లేదు కాబట్టి ఆరోగ్యశ్రీ లేదు. భార్య ఇంద్రజ గొలుసు కరోనా రోజుల్లోనే కొట్టు మింగేసింది. అన్నీ ఊడ్చి పోగేస్తే అరవై వేలు తేలింది.

అప్పుడు ఇంద్రజే పొట్లాలన్నీ విప్పి ఫోటోలు తీసి, రాజమండ్రిలో నాణేలు కొనే చిట్టియ్య గారికి వాట్సాప్‌లో పంపింది. ఒక్క ఫోటోకి మాత్రం ఆయన వెంటనే జవాబిచ్చారు. వెండి రూపాయి, ఆరో జార్జి బొమ్మ, 1939. “ఇది అసలుదైతే మిగతావన్నీ ఒకెత్తు, ఇదొకెత్తు. మీరే స్వయంగా తీసుకురండి. తోమకండి.”

‘అసలుదైతే’ అన్న మాట దగ్గరే నిరంజన్ నిద్ర ఆగిపోయింది. మామూలు 1938 రూపాయి మీద ఎనిమిదిని తొమ్మిదిగా చెక్కి, అరుదైన 1939 అని అమ్మే మోసగాళ్ళ గురించి యూట్యూబులో నలభై నిమిషాల వీడియో చూశాడు. చూడకపోయినా బాగుండేది. ఆ తర్వాత రూపాయిని ఎన్నిసార్లు చూసినా తొమ్మిది ఎనిమిదిలాగే కనబడింది.

కొవ్వూరు దాటి రైలు వంతెన ఎక్కుతుండగా నాగరత్నం కిటికీ వైపు జరిగింది. గోదావరి దాటేటప్పుడు చేతిలోంచి ఒక బిళ్ళ నీళ్ళలో పడకపోతే ఆవిడకి ప్రయాణం చేసినట్టే ఉండదు.

“ఓ రూపాయి బిళ్ళ ఉంటే ఇయ్యరా.”

నిరంజన్ ఒక చెయ్యి సంచి మీదే ఉంచి, రెండో చేత్తో జేబులన్నీ తడుముకున్నాడు. ఫోన్ చూపిస్తే చాలు, కొత్తిమీర కట్ట దాకా వస్తున్న రోజులు. జేబులో బిళ్ళ మోగి ఎన్నాళ్ళయిందో! ఒళ్ళో నూట ఎనభై నాణేలు పెట్టుకుని రూపాయి లేదని చెప్పాల్సి వచ్చింది.

“మీకేం ఉంటాయిలే,” అంటూ ఆవిడ బొడ్లోంచి చిన్న గుడ్డసంచి తీసింది. లోపల బస్సు టిక్కెట్లు, వక్కపలుకులు, మడతపెట్టిన గుడ్డముక్కలో ఏదో చిన్న మూట. వాటి అడుగునుంచి రెండు రూపాయల బిళ్ళ వెతికి తీసి, కళ్ళకద్దుకుని, కిటికీ ఊచల్లోంచి విసిరింది. “పిల్ల చెవి బాగుచెయ్యి తల్లీ,” అంది పైకే.

చిట్టియ్య గారి కొట్టు మెయిన్ రోడ్డు పక్కసందులో, మేడమీద ఒక గది. డెబ్భై దాటిన పొట్టి మనిషి. వీళ్ళు రాగానే చేతులు కడుక్కుని, తుడుచుకుని, బల్లమీద నల్లగుడ్డ పరిచారు. పొట్లాల కాగితాలు ఎగిరిపోతాయని ఫ్యాను ఆపేశారు. నిరంజన్‌కి చెమటలు పట్టడానికి అదొక సాకు దొరికింది.

“కాశీవిశ్వనాథం గారి అబ్బాయంటే మా ఇంటి అబ్బాయి కిందే లెక్కండీ. ఆయన నాకు ముప్ఫై ఏళ్ళ పరిచయం. పోయారని తెలిసి చాలా బాధపడ్డానమ్మా,” అన్నారు నాగరత్నంతో.

ఒక్కో నాణేన్నీ అంచు పట్టుకుని ఎత్తి, భూతద్దంలో చూసి, చిన్న కాటాలో తూచి, మూడు కుప్పలుగా పెట్టసాగారు. తండ్రి అపురూపంగా చూసుకున్న డచ్చివాళ్ళ రాగి దుడ్లన్నీ చవక కుప్పలోకి పోయాయి. “మీ నరసాపురం, పాలకొల్లు వైపు ఇవి బోలెడు దొరుకుతాయండీ,” అన్నారాయన నొచ్చుకుంటూ. ఒక్కొక్కటి ఆ కుప్పలో పడుతుంటే నిరంజన్ గుండె కూడా దాంతోపాటే పడుతోంది. గంటన్నర తర్వాత, ఆ ఒక్క రూపాయీ మినహా అన్నిటికీ కలిపి ముప్ఫై ఎనిమిది వేలన్నారు. అరవై, ముప్ఫై ఎనిమిది. లక్షకి కూడా రెండువేలు తక్కువ.

చివర్న 1939 పొట్లం విప్పారు. కాటాలో పెట్టారు. దీపం దగ్గరికి లాక్కున్నారు. భూతద్దం మార్చారు. తొమ్మిది అంకె మీద ఆయన కన్ను నిలిచిన సేపు నిరంజన్ ఊపిరి తీసుకోలేదు.

“అసలుదేనండి,” అన్నారు చిట్టియ్య గారు. “ఇంత మంచిది నా చేతిలోకి రావడం ఇది రెండోసారి. మద్రాసులో నాకో పార్టీ ఉన్నాడు. నా కమీషన్ పోను లక్షా పదివేలు మీ చేతిలో పెడతాను. ఇవాళే.”

లక్షా పది! నిరంజన్‌కి లెక్క దానంతటదే అయిపోయింది. రెండు లక్షలు దాటి ఇంకా ఎనిమిది వేలు. అరచేతులు చెమర్చాయి. సంతోషం వచ్చినా అతనికి ముందు చెమటే పడుతుంది.

“ఒక్క సంగతండీ,” అన్నారు చిట్టియ్య గారు, రూపాయిని ఏటవాలుగా పట్టుకుని. “రాజుగారి చెవి సందులోనూ, అక్షరాల మూలల్లోనూ పచ్చగా ఏదో పట్టేసుంది. వెండి చిలుము ఇలా ఉండదు.” దగ్గరగా పెట్టుకుని మళ్ళీ చూశారు. “పసుపులా ఉందే! పర్లేదులెండి, మందు చుక్క వేసి దూదితో అద్దితే పోతుంది. గీత పడకుండా నేను తీస్తాను.”

ఆయన దూది అందుకోబోతుంటే, “తుడవకండి,” అంది నాగరత్నం.

అంత గట్టిగా ఆవిడ పరాయివాళ్ళ దగ్గర మాట్లాడటం నిరంజన్ ఎప్పుడూ వినలేదు.

“ఆ కాగితం ఇలా ఇయ్యండి.”

పొట్లం కాగితాన్ని వెలుగులోకి పట్టుకుని చదివింది. ‘20-11-91’. కింద పేరు రాయాల్సిన చోట ఖాళీ. నూట ఎనభై పొట్లాల్లో పేరు లేనిది అదొక్కటే.

“ఆ మర్నాడు కార్తీక పౌర్ణమి,” అంది ఆవిడ. “నీ ముడుపు చెల్లించిన రోజురా.”

నిరంజన్‌కి ఆ కథ తెలుసు. తెలియడమేంటి, వెయ్యిసార్లు విన్నాడు. అయిదేళ్ళప్పుడు మెదడువాపు జ్వరం వచ్చి, మూడు రోజులు కన్ను తెరవకపోతే, పిల్లాడు బతికితే వెండి రూపాయి నీ ఒడిలో వేస్తానని తల్లి గోదావరికి మొక్కుకుంది. గల్లాపెట్టె మూలలో కనబడ్డ వెండి రూపాయి తీసి, పసుపు గుడ్డలో కట్టి, దేవుడి గూట్లో పెట్టింది. పిల్లాడు బతికాడు. కార్తీక పౌర్ణమినాడు ముగ్గురూ రైలెక్కారు. వంతెన మీద, నిరంజన్‌ని ఒళ్ళో కూచోబెట్టుకుని, పసుపు మూట తనే నీళ్ళలో వేసింది.

“మూట నేనే వేశాను,” అంది నాగరత్నం నెమ్మదిగా. “లోపల రూపాయి మాత్రం ఇదిగో, ఇక్కడుంది.”

ముడుపంటే ఏంటో చిట్టియ్య గారికి చెప్పక్కర్లేదు. కట్టిన ముడుపు విప్పకూడదు, అందులో పెట్టిన నాణెం మార్చకూడదు. గూట్లో ఉన్నా అది అప్పటికే దేవుడిది. గోదావరి జిల్లాల్లో ఏ ఇంట్లో అడిగినా ఇదే చెబుతారు. కాశీవిశ్వనాథం గారికీ తెలుసు. తెలిసే, పౌర్ణమికి ముందు రోజు ముడి విప్పి, ఈ రూపాయి తీసుకుని, ఇంకోటేదో పెట్టి మళ్ళీ ముడివేశారు.

“పేరెందుకు రాయలేదో తెలిసిందా? రాయాలంటే నా పేరు రాయాలి,” అంది ఆవిడ.

నిరంజన్‌కి అలాంటి నమ్మకాలు లేవు, లేవనే చెప్పుకునేవాడు. కానీ ముప్ఫై ఏళ్ళపైగా తన ప్రాణం తాలూకు మొక్కు తీరకుండా రేకు డబ్బాలో పడుందని తెలిశాక, నమ్మకాలు లేవని చెప్పుకోవడానికి నోరు రాలేదు. ఇన్నాళ్ళూ కారణం లేకుండా భయపడ్డాననుకున్నాడు. ఇదా కారణం?

“ఇది మాత్రం ఆయన నాకెప్పుడూ చూపించలేదమ్మా,” అన్నారు చిట్టియ్య గారు. ఆయన ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు భూతద్దాన్ని అటూ ఇటూ తిప్పారు. “ఏటా కార్తీకంలో వచ్చేవారు. వచ్చినప్పుడల్లా ఓ మామూలు వెండి రూపాయి కొనుక్కునేవారు. ఉన్నవాటిలో అరగనిది ఏరుకునేవారు. ఇవి మీ దగ్గర బోలెడున్నాయి కదండీ, ఎందుకు అనడిగితే, ఇది దాచుకోడానికి కాదులెండి అనేవారు. ఓ ముప్ఫై అయినా కొనుంటారు.”

నిరంజన్ కుప్పల వైపు చూశాడు. ఇక్కడ కొన్నవేవీ అందులో లేవు. ఆ మాటకొస్తే కొన్న నాణెమే ఒక్కటీ లేదు. అన్నీ గల్లాపెట్టెలోకి వచ్చినవే. ఏటా కార్తీకంలో రాజమండ్రి వెళ్ళి స్నానం చేసొస్తానని ఒక్కరే బయల్దేరేవారు తండ్రి. వచ్చేటప్పుడు వంతెన మీద ఆ రూపాయి ఎటు పోయేదో ఇంకెవరూ చెప్పక్కర్లేకపోయింది.

“వడ్డీ కట్టారన్నమాట,” అంది నాగరత్నం. వ్యాపారస్తుడి కూతురు, వ్యాపారస్తుడి పెళ్ళాం. “ఎన్నేళ్ళు కడితే ఏం లాభం? అసలు అలాగే ఉండిపోయిందిగా!”

చెయ్యి చాపింది. చిట్టియ్య గారు మారుమాట్లాడకుండా రూపాయిని అరచేతిలో పెట్టారు. ఆవిడ పిడికిలి బిగించింది. గోదావరి గట్టు ఆ గదికి నాలుగు వీధుల దూరం.

“అమ్మా,” అన్నాడు నిరంజన్. “పిల్ల చెవమ్మా.”

“అందుకే వచ్చిందేమోరా ఆ చెవి.”

కాదని అరవాలనిపించింది. అది చెవిలో జబ్బూ చీమూ తప్ప ముడుపూ కాదు, శాపమూ కాదని చెప్పాలనిపించింది. కానీ ఆ మాట తల్లి అనకముందే తన మనసులో ఒక పక్క మెదిలిందని అతనికి తెలుసు. సిగ్గేసింది. ఆ సిగ్గుమీద భయం, భయంమీద కోపం. ఎవరిమీద కోపమో తెలియలేదు. చచ్చిపోయిన తండ్రి మీదా, నీళ్ళ మీదా, రూపాయి మీదా?

అంతలో ఫోన్ మోగింది. ఇంద్రజ. అందరికీ వినిపించేలా స్పీకర్ నొక్కాడు.

“ఏంటండీ, ఏమైంది? ఆస్పత్రివాళ్ళు ఫోన్ చేశారు. సాయంత్రం అయిదులోపు యాభై వేలు అడ్వాన్స్ కడితేనే సోమవారానికి పేరుంచుతారంట. లేకపోతే మళ్ళీ పదహారో తారీఖేనంట. అప్పటిదాకా ఆగొచ్చో లేదో వాళ్ళు చెప్పలేమంటున్నారు.”

“చేస్తాను. చూస్తున్నాను,” అన్నాడు.

“నానమ్మకి ఇవ్వు,” అంటూ వెనకనుంచి సత్యశ్రీ గొంతు. ఫోన్ లాక్కున్నట్టుంది. “నానమ్మా, నాకు పూతరేకులు తెస్తున్నావా?”

“తెస్తున్నానమ్మా,” అంది నాగరత్నం.

“ఆఁ? ఏంటీ?”

“తెస్తున్నానే!”

“ఉండు నానమ్మా, ఇది వినపడని చెవి. ఆ చెవికి మార్చుకుంటాను.” గరగరమని చప్పుడు. “ఆఁ. మార్చేశాను. ఇప్పుడు చెప్పు.”

నానమ్మ పలకడం లేదేంటని అవతల పిల్ల రెండుసార్లు అడిగి, తల్లికి ఫోన్ ఇచ్చేసి వెళ్ళిపోయింది.

నాగరత్నం పిడికిలి విప్పి రూపాయిని నల్లగుడ్డ మీద పెట్టింది. “రాసుకోండి,” అంది చిట్టియ్య గారితో. ఇంకెవరి వైపూ చూడలేదు.

ఆయన అక్కడికక్కడే యాభై వేలు ఆస్పత్రి ఖాతాకి ఫోన్‌లో పంపించి, మిగతా తొంభై ఎనిమిదివేలూ నోట్లు ఇచ్చారు. నాణేలు తెచ్చిన సంచిలోకే నోట్లు వెళ్ళాయి. నిరంజన్ భయం తగ్గాల్సింది. అసలు పని అయిపోయింది కదా! కానీ స్టేషన్‌కి వెళ్ళే దారిలో తల్లి ఆటో ఆపించి, కిరాణా కొట్లో పది రూపాయల పసుపు పొట్లం కొన్నది. ప్లాట్‌ఫాం మీద కూచున్నాక అతని జేబురుమాలు అడిగింది. సీసాలో నీళ్ళతో తడిపి, పసుపు పట్టించి, గాలికి ఆరబెట్టింది.

“ఎందుకమ్మా?”

“నువ్వూరుకో.”

రైలెక్కాక, “ఆ సంచి నా ఒళ్ళో పెట్టు,” అంది. కాదనలేక పెట్టాడు. పెట్టాడే గాని, దాని పట్టీని మాత్రం రెండు చేతులతోనూ పట్టుకున్నాడు. అసలు అలాగే ఉండిపోయిందని అన్న మనిషి! రూపాయి పోయింది, ఇక మిగిలింది రూపాయి తాలూకు డబ్బే. పసుపు గుడ్డ సిద్ధంగా ఉంది. తల్లి అంతపని చేస్తుందా? చెయ్యదు. చేస్తే? లాక్కుంటే జనం చూస్తారు. చూస్తే చూడనీ. గోదావరి స్టేషన్ దాటింది. చక్రాల చప్పుడు మారింది. కింద నీళ్ళు, సాయంత్రపు ఎండకి మసకగా, కదులుతున్నాయో లేదో తెలియకుండా ఉన్నాయి.

నాగరత్నం సంచి మీద చెయ్యి వేసింది. నిరంజన్ పట్టీని బిగించాడు.

“వదల్రా, నీ డబ్బు నాకెందుకు,” అంటూ ఆవిడ సంచిని అతని ఒళ్ళోకి తోసేసింది. బొడ్లోంచి గుడ్డసంచి తీసింది. పొద్దున్న కనబడిన మడత గుడ్డముక్క విప్పింది. అందులో రెండు వెండి మెట్టెలున్నాయి. అరిగి అరిగి సన్నబడి, లోపలివైపు నునుపుదేరిన మెట్టెలు. తండ్రి పోయిన పదోరోజున ఆవిడ వేళ్ళనుంచి తీయించినవి. అవి ఏమయ్యాయని ఇంట్లో ఎవరూ అడగలేదు. ఏడాదిగా ఆవిడ బొడ్లోనే తిరుగుతున్నాయి.

వాటిని పసుపు రుమాల్లో పెట్టి మూడు ముళ్ళు వేసింది.

“అమ్మా, అవి నాన్న...”

“తెలుసు. మొక్కుకుంది నేనురా. మార్చుకోవాలంటే మార్చుకోవాల్సింది నేను. గోదావరి తల్లికి చెప్పి, అంతకన్నా ఎక్కువది ఇచ్చి మార్చుకోవాలి. నా దగ్గర ఇంతకన్నా ఎక్కువది లేదు.” మూటని అతని ముందుకి చాపింది. “నీకోసం కట్టింది. చెయ్యి వెయ్యి.”

నిరంజన్ సంచి వదిలేశాడు. అది సీటు మీంచి జారి కిందపడింది. రెండు చేతులూ మూటకి తాకించాడు. ఆవిడ ఊచల్లోంచి చెయ్యి చాపి వదిలింది. పసుపు చుక్కలా ఒక్క క్షణం కనబడి, ఇనప దూలాల మధ్యనుంచి నీళ్ళవైపు పోయింది.

వంతెన అయిపోయేదాకా ఆవిడ అటే చూస్తూ కూచుంది. కొవ్వూరు దగ్గర పడుతుండగా కొంగుతో మొహం తుడుచుకుంది.

“నేనూ అడిగి తియ్యలేదులే ఆ రూపాయి,” అంది. “నువ్వు కొట్టుకుంటున్నావు, చేతికందింది తీసి కట్టేశాను. అది ఆయనకి అంత అపురూపమని నాకేం తెలుసు? ముప్ఫై ఏళ్ళు ఒక్కరే తిరిగారు ఈ వంతెన మీద. ఒక్కమాట అడిగుంటే ఇచ్చేసేదాన్ని కదరా ఆయనకి.”

నిరంజన్ వంగి కిందపడ్డ సంచి తీసి పక్కన పెట్టాడు. దాని మీద చెయ్యి వెయ్యడం మర్చిపోయి, తల్లి చెయ్యి పట్టుకున్నాడు.